చలిదేశపు కారు – ఎండదేశపు కొలువు

కారులో హీటరు గురించి వ్యాసమా, అదీ అత్తిలి నుంచా అని మిత్రులు నవ్వుకోవచ్చు. మన వైపు చలి అంటే షష్ఠి తీర్థం రోజుల్లో తెల్లవారుజామున చెవులకు ఒక తువ్వాలు చుట్టుకునేంత మాత్రమే. భోగిమంట ఆరేసరికి ఆ చలి కూడా సెలవు తీసుకుంటుంది. అయినా ఈ అంశం ఎన్నుకోవడానికి కారణం ఉంది.

మనలో చాలామంది ఉద్యోగ జీవితం అంబాసిడరు కార్ల చుట్టూ, జీపుల చుట్టూ గడిచింది. అధికారులు వాటిలో తిరిగారు. డ్రైవర్లు వాటిని నడిపారు. నాబోటి గుమస్తాలు వాటి లాగ్ బుక్కులు, పెట్రోలు బిల్లులు, రిపేరు ఎస్టిమేట్లు చూశారు. ఇంజనులో పుట్టిన వేడి ఎక్కడికి పోతుంది, పోకపోతే ఏమవుతుంది, మరీ ఎక్కువగా పోతే ఏమవుతుంది అనే ప్రశ్నల మీద ఒక డ్రైవరు జీతమూ, పరువూ ఆధారపడిన సంగతి ఒకటి నాకు తెలుసు. అది చెప్పాలంటే ముందు కొంత చరిత్ర చెప్పక తప్పదు.

వేడి లెక్క

మనం డబ్బు పోసి కొన్న పెట్రోలులో బండిని నడిపించేది సుమారు నాలుగో వంతు మాత్రమే. ఇంచుమించు మూడో వంతు వేడిగా మారి ఇంజను చుట్టూ తిరిగే నీటిలోకి పోతుంది. మిగిలినదాంట్లో అధికభాగం పొగగొట్టం గుండా బయటికి పోతుంది. అంటే కారు అనేది కొంచెం నడిచే బండి, ఎక్కువగా మండే పొయ్యి.

ఆ పొయ్యి మీద ఉన్న నీటిని చల్లార్చడానికి ముందు భాగంలో రేడియేటరు ఉంటుంది. పంపు నీటిని తిప్పుతుంది, ఫ్యాను గాలిని లాగుతుంది. తొలినాటి కార్లలో కొన్నింటికి పంపు కూడా ఉండేది కాదు. వేడి నీరు తేలికై పైకి లేస్తుంది, చల్లని నీరు కిందికి దిగుతుంది అనే సూత్రం మీదనే అమెరికాలో ఫోర్డు మోడల్ టి, ఇంగ్లండులో ఆస్టిన్ సెవెన్ లక్షల సంఖ్యలో నడిచాయి. మన కాగులో నీళ్ళు కాగే సూత్రమే అది.

చలిదేశాల వారికి మొదట కారులో వెచ్చదనం అన్నది లేదు. కాళ్ళ దగ్గర కాల్చిన ఇటుకలు, నిప్పుల పెట్టెలు పెట్టుకుని, కంబళ్ళు కప్పుకుని ప్రయాణం చేశారు. తరువాత పొగగొట్టం వేడిని లోపలికి మళ్ళించారు. ఆ తరువాత వృథాగా పోతున్న వేడినీటినే ఒక చిన్న రేడియేటరులోకి తిప్పి, దాని మీదుగా గాలిని లోపలికి ఊదే పద్ధతి వచ్చింది. 1938లో అమెరికాలోని నాష్ కంపెనీ బయటి గాలిని తీసుకుని వేడిచేసి లోపలికి పంపే ఏర్పాటును తెచ్చి, తరువాత దానిని 'వెదర్ ఐ' అనే పేరుతో అమ్మింది. నేటికీ పెట్రోలు, డీజిలు కార్లలో హీటరు సూత్రం ఇంచుమించు అదే. అంటే హీటరు వేరే యంత్రం కాదు. రేడియేటరుకు పుట్టిన చిట్టి చెల్లెలు.

బొగ్గు బస్సుల కాలం

మన జిల్లాలో ఇంజను వేడి సంగతి సామాన్య జనానికి బాగా తెలిసింది రెండవ ప్రపంచ యుద్ధకాలంలో. పెట్రోలుకు రేషను వచ్చింది. బస్సుల వెనుక నిలువెత్తు డ్రమ్ములు బిగించి బొగ్గు మండించేవారు. బొగ్గుకు చాలినంత గాలి అందకుండా చేస్తే కార్బన్ మోనాక్సైడు అనే మండే వాయువు వస్తుంది. దానిని వడగట్టి ఇంజనులోకి పీల్పించేవారు. బస్సు బయలుదేరడానికి చాలా ముందే క్లీనరు కుర్రాడు వచ్చి చేతితో ఫ్యాను తిప్పి డ్రమ్ములో నిప్పు రాజేసేవాడు. పెట్రోలుతో పోలిస్తే శక్తి తక్కువ కాబట్టి, ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి తోసేవారని మా నాన్నగారి తరం వారు చెప్పగా విన్నాను. టిక్కెట్టు కొన్నవాడే బస్సును తోయడం ఆ రోజుల్లో వింత కాదు.

ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, కానీ ప్రాణాంతకం. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. వ్యాసం చివర దీనితో పని ఉంది.

ఆ యుద్ధంలోనే తాడేపల్లిగూడెంలో విమానాలు దిగే బాట వేశారు. యుద్ధం ముగిశాక దేశమంతటా సైనిక జీపులు వేలంలో బయటికి వచ్చాయి. మహీంద్రా వారు విల్లీస్ జీపులను మనదేశంలో బిగించడం మొదలుపెట్టారు. ఆ తరువాత తాలూకా ఆఫీసులకు, బ్లాకు ఆఫీసులకు జీపే వాహనమైంది. 1958 జనవరి 11న రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది.

ఆక్స్‌ఫర్డు నుంచి ఉత్తరపారాకు

హిందుస్తాన్ మోటార్స్ కంపెనీని 1942లో బి.ఎం. బిర్లా గుజరాత్ తీరంలోని పోర్టు ఓఖాలో స్థాపించారు. 1948లో కర్మాగారం కలకత్తా దగ్గర ఉత్తరపారాకు మారింది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పక్కన కౌలీలో తయారయ్యే మోరిస్ కార్ల నమూనాలే ఇక్కడ హిందుస్తాన్ టెన్, హిందుస్తాన్ ఫోర్టీన్, 1954 నుంచి లాండ్‌మాస్టర్ అయ్యాయి. మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ సిరీస్ నమూనా 1957-58లో అంబాసిడరుగా మన ముందుకు వచ్చింది. మరోవైపు బొంబాయిలో ప్రీమియర్ వారు ఫియట్ కార్లు, మద్రాసులో స్టాండర్డ్ వారు హెరాల్డ్ కార్లు తయారుచేశారు. కానీ సర్కారు కారు అంటే అంబాసిడరే. తెల్లరంగు అంబాసిడరు ఊళ్ళోకి వస్తే ఎవరో ఆఫీసరు వచ్చారని గొడ్లు కాసే పిల్లవాడికి కూడా తెలిసిపోయేది.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఈ కారు చలిదేశంలో పుట్టింది. దాని తాత అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డుకు ఇంగ్లండులోనే హీటరు అదనపు సొమ్ము చెల్లించి పెట్టించుకునే వస్తువు. మన అంబాసిడర్లకు చాలావరకు అది లేనే లేదు. అవసరం ఏమిటి? మే నెలలో ఏలూరులో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. ఇంజను తల వెనుక భాగంలో హీటరుకు వేడినీరు ఇచ్చే కుళాయి కోసం ఉంచిన చోటు చిన్న బిళ్ళతో మూసి ఉండేది. చలిదేశపు అవయవం ఒకటి ఎండదేశంలో అలా మూసుకుపోయింది.

చలిదేశపు అవయవం ఇంకొకటి మాత్రం కారుతోపాటే వచ్చింది. దాని పేరు థర్మోస్టాట్.

గార కట్టిన రేడియేటరు

థర్మోస్టాట్ అంటే ఇంజను నుంచి రేడియేటరుకు నీరు పోయే దారిలో ఉండే చిన్న తలుపు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉంటుంది. నీరు 70, 80 డిగ్రీలకు వచ్చాక తెరుచుకుంటుంది. పాతరకంలో ముడతల డబ్బాలో త్వరగా ఆవిరయ్యే ద్రవం ఉండేది. కొత్తరకంలో మైనం ఉంటుంది. మైనం కరిగి ఉబ్బి తలుపును తోస్తుంది, చల్లారితే స్ప్రింగు తలుపును మూస్తుంది. ఆఫీసు వాకిట్లో బిళ్ళబంట్రోతు వంటిది అది. వేళ కాకుండా ఎవరినీ లోపలికి పంపదు.

మన డెల్టాలో దీనికి కష్టకాలం వచ్చింది. కారణం నీరు. కొల్లేరు వైపు, భీమవరం వైపు చాలాచోట్ల బావినీరు ఉప్పన. కాలువ నీరు తియ్యగానే ఉంటుంది గాని, వరద రోజుల్లో ఒండ్రు కలిసి ఎర్రగా ఉంటుంది. డ్రైవరు దారిలో ఏ నీరు దొరికితే ఆ నీరు పోసేవాడు. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని గార కట్టినట్టే రేడియేటరు సన్నని గొట్టాల లోపల గార కడుతుంది. పైనేమో వరి కోతల కాలంలో ధూళి, ఊక, పురుగులు రెక్కల సందుల్లో ఇరుక్కుంటాయి. నీరు తిరగదు, గాలి ఆడదు. బండి మరుగుతుంది.

మరిగిన బండిని బాగుచేయడానికి రెండు దారులు. మొదటిది రేడియేటరు దింపి, మూతలు విప్పి, గొట్టాలన్నీ పొడిచి శుభ్రం చేయించడం. దానికి రోజులు పడుతుంది, విజయవాడ పంపాలి, ఎస్టిమేటు పెట్టాలి, మంజూరు రావాలి. రెండవది థర్మోస్టాట్‌ను పీకి పారేయడం. దానికి అరగంట చాలు. తలుపు లేకపోతే నీరు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి తాత్కాలికంగా ఉపశమనం కలుగుతుంది. మన వైపు చాలామంది మేస్త్రీలు రెండవ దారే పట్టారు. "ఈ ఎండల్లో ఇదెందుకండీ, సీమదొరలకు గాని" అనేవారు.

అది సగం మాత్రమే నిజం. థర్మోస్టాట్ లేని ఇంజను చలికాలం ఉదయాల్లో, చిన్నచిన్న ప్రయాణాల్లో సరిగా వేడెక్కదు. వేడెక్కని ఇంజనులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. కొంత సిలిండరు గోడలకు అంటుకుని నూనె పొరను కడిగేస్తుంది. బండి ఆగిపోకుండా ఉండటానికి డ్రైవరు చోకు లాగి ఉంచుతాడు. చోకు లాగితే పెట్రోలు మరింత పోతుంది. వేడి ఎక్కువైతే బండి రోడ్డు మీద ఆవిరి చిమ్మి అందరికీ చెబుతుంది. వేడి తక్కువైతే ఎవరికీ చెప్పదు. లాగ్ బుక్కులో మాత్రమే కనపడుతుంది.

ఈ సందర్భంలో డ్రైవర్ల నేర్పు గురించి ఒక మాట. 1977 నవంబరు 19 తుపాను తరువాత, 1986 ఆగస్టు గోదావరి వరదల్లో మన వాహనాలు పడిన పాట్లు చాలామంది సభ్యులకు గుర్తే. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించింది. నీళ్ళున్న రోడ్డులో దిగేముందు డ్రైవర్లు ఫ్యాను బెల్టు విప్పేసేవారు. లేకపోతే ఫ్యాను నీటిని ఎగజిమ్మి స్పార్కు ప్లగ్గులు తడిసి ఇంజను ఆగిపోతుంది. కానీ ఆ బెల్టే నీళ్ళ పంపును కూడా తిప్పుతుంది. అందువల్ల ఇంజను మరిగేలోగా నీళ్ళు దాటి గట్టెక్కి బెల్టు తిరిగి వేయాలి. ఎంత దూరం పోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది ఏ పుస్తకంలోనూ లేదు, వారి చెవిలో ఉండేది. ఇంజను మోత విని చెప్పేవారు.

ఒక ఆడిట్ పారా

ఇక అసలు సంగతి. 1973 అక్టోబరు యుద్ధం తరువాత ముడిచమురు ధర కొద్ది నెలల్లో నాలుగు రెట్లయింది. 1979లో మళ్ళీ పెరిగింది. దానితో ప్రభుత్వ కార్యాలయాల్లో పెట్రోలు ఖర్చు మీద నిఘా ఎక్కువైంది. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని ప్రతి బండికీ ఒక లెక్క కట్టారు. అంతకు తగ్గితే డ్రైవరు వివరణ ఇచ్చుకోవాలి. బండి పాతబడుతున్నా లెక్క మాత్రం పాతబడదు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లవాడు మాత్రం దుడ్డులా ఉండాలి అన్న సామెత ఊరికే రాలేదు.

నేను పనిచేసిన ఒక జిల్లా కార్యాలయంలో 1984లో ఇలాంటి అభ్యంతరం వచ్చింది. ఆఫీసు అంబాసిడరు కారు నిర్ణీత లెక్క కన్నా ఎక్కువ పెట్రోలు తాగిందనీ, తేడా సొమ్మును డ్రైవరు జీతం నుంచి వసూలు చేయవలసిందనీ ఆడిట్ వారు రాశారు. రికవరీ మొదలైంది. ఆ డ్రైవరు నాకన్నా చాలా పెద్దవాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు. ఇంట్లో పెళ్ళికి ఎదిగిన కూతురు. డబ్బు పోయినందుకు కాదు, ఆఫీసులో అందరూ తనను పెట్రోలు దొంగ అనుకుంటున్నారన్న బాధ ఆయనకు ఎక్కువ.

"ఏమండీ గుమస్తాగారూ, ముప్పై ఏళ్ళు పెట్రోలు వాసన చూశానేగాని రుచి చూడలేదండీ" అన్నాడు ఒకరోజు నా బల్ల దగ్గర నిలబడి.

వాహనాల సీటు అప్పుడే నాకు వచ్చింది. మూడేళ్ళ లాగ్ బుక్కులు, రిపేరు బిల్లులు ముందు వేసుకుని కూర్చున్నాను. ఏలూరు నుంచి తణుకు క్యాంపుకు వెళ్ళి వచ్చిన రోజులు మాత్రమే ఏరి ఒక కాగితం మీద రాశాను. అదే బండి, అదే దారి, అదే డ్రైవరు. ఇలా రాసేసరికి ఒక విషయం తేలింది. 1983 మే నెల వరకు లెక్క బాగానే ఉంది. ఆ తరువాత తగ్గింది. వేసవిలో కొంచెం, కార్తీకం నుంచి సంక్రాంతి వరకు బాగా. దొంగతనమైతే చలికాలంలోనే ఎక్కువ ఎందుకు జరుగుతుంది?

మే నెల బిల్లుల కట్ట తీశాను. దారిలో బండి మరిగిపోగా ఒక ప్రైవేటు వర్కుషాపులో రిపేరు చేయించిన కంటింజెంట్ బిల్లు దొరికింది. చివరి వరుసలో 'థర్మోస్టాట్ తీసివేసి గొట్టములు బిగించినందుకు' అని ఉంది. కూలి కొద్ది రూపాయలు. ఆ ఒక్క వరుస చాలింది. డ్రైవరును అడిగితే, రేడియేటరు శుభ్రం చేయించమని తాను అప్పుడే రాసి ఇచ్చానని చెప్పాడు. వెతికితే ఆ కాగితం కూడా ఫైలులో ఉంది. 'నిధులు లేవు' అనే రాతతో పక్కన పెట్టబడింది.

ఈ మూడు కాగితాలూ జతచేసి నోటు పెట్టాను. రేడియేటరు శుభ్రం చేయించి, కొత్త థర్మోస్టాట్ వేయించి, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు సమక్షంలో పరీక్ష జరిపించవలసిందిగా కోరాను. అధికారి సహృదయులు, సంతకం చేశారు. థర్మోస్టాట్ విజయవాడ నుంచి వచ్చింది. డిసెంబరు నెలలో పరీక్ష జరిగితే లీటరుకు దాదాపు ఒక కిలోమీటరు తేడా కనిపించింది. అంతా థర్మోస్టాట్ మహిమే అని నేను అనను. శుభ్రమైన రేడియేటరు, చోకు లాగవలసిన అవసరం తగ్గడం, అన్నీ కలిసి వచ్చిన ఫలితం అది. బండి లోపానికి మనిషి జీతం కోసే పద్ధతి మాత్రం తప్పని తేలింది. అభ్యంతరం ఉపసంహరించారు.

అయితే అప్పటికే నాలుగు నెలల వాయిదాలు జీతంలో కోసేశారు. ఆ సొమ్ము వెనక్కు రావడానికి ఎన్ని రిమైండర్లు రాయవలసి వచ్చిందో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. ఆయన రిటైరైన రెండేళ్ళకు గాని రాలేదు. అప్పటికి కూతురి పెళ్ళి అప్పు చేసి జరిపించేశాడు. డబ్బు అందుకున్న రోజున ఆఫీసుకు వచ్చి, లెక్క పెట్టుకోకుండానే జేబులో పెట్టుకుని, "పారా కొట్టేసిన కాగితం నకలు ఒకటి ఇప్పించండి, ఇంట్లో ఉంచుకుంటాను" అని అడిగాడు. ఇచ్చాము.

ఢిల్లీ నుంచి వచ్చిన కారు

హీటరు అనే వస్తువును నేను మొదటిసారి చూసింది మా అత్తిలిలోనే. 1979 ప్రాంతంలో మా ఊరి రైసు మిల్లు యజమాని ఒకాయన ఢిల్లీలో వాడిన అంబాసిడరు ఒకటి కొని తెప్పించారు. ముందు సీట్ల దగ్గర, డాష్‌బోర్డు కింద ఒక రేకు పెట్టె, దానికి రెండు రబ్బరు గొట్టాలు. అదేమిటో ఎవరికీ తెలియదు. రేడియో సామాను అని ఒకరు, చల్లటి గాలి యంత్రమని మరొకరు అన్నారు. మే నెల వచ్చేసరికి దాని అసలు స్వరూపం బయటపడింది. బండి ఎక్కితే కాళ్ళు కమిలిపోయేలా వేడి గాలి. ఇంజను దగ్గరి కుళాయి తుప్పుపట్టి సగం తెరిచి బిగుసుకుపోయింది, ఎంత తిప్పినా మూసుకోదు. ప్రపంచమంతా హీటరు వేడి ఇవ్వడం లేదని మెకానిక్కు దగ్గరకు వెళుతుంటే, మా అత్తిలిలో వేడి ఆపమని వెళ్ళారు!

మేస్త్రి రెండు గొట్టాలూ ఊడదీసి, వేడినీరు వచ్చే దారినీ తిరిగిపోయే దారినీ ఒకే గొట్టంతో కలిపేశాడు. హీటరు మూగబోయింది. సమస్య తీరింది. బండి ఆ తరువాత చాలా ఏళ్ళు తిరిగి, మిల్లు వెనుక షెడ్డులో చేరింది.

ఈలోగా కాలం మారింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని రేడియేటరుకు విద్యుత్తు ఫ్యాను, అవసరమైనప్పుడే తిరుగుతుంది. 2014 మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడరు తయారీ నిలిచిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో వారికి 80 కోట్ల రూపాయలకు అమ్మారు. రోడ్డు మీద లేని కారుకు పేరే ఆస్తి అయింది.

హీటరు పనిచేయకపోతే

2022లో ఆ మిల్లు యజమాని మనుమడు షెడ్డులోని కారును బయటికి తీశాడు. ఇలాంటి పాత కార్లను ఇప్పుడు ముచ్చటగా బాగుచేయించుకుంటున్నారు. డిసెంబరులో స్నేహితులతో లంబసింగి వెళ్ళాలని కుర్రవాడి కోరిక. చింతపల్లి మండలంలో, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్ళో శీతాకాలపు ఉదయాలు గడ్డకట్టే చలికి దగ్గరగా వెళతాయి. "తాతగారూ, ఇందులో హీటరు ఉందటండీ, పని చేయిద్దాం" అన్నాడు. పాతకాలపు మేస్త్రి ఒకాయనను పిలిపించారు. నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన పనిచేసిన క్రమం ఏ ఆఫీసు విచారణకైనా ఆదర్శంగా ఉంటుంది కాబట్టి రాస్తున్నాను.

ముందుగా ఇంజను చల్లగా ఉండగా రేడియేటరు మూత తీసి నీరు నిండుగా ఉందో లేదో చూశాడు. నీరు తక్కువైతే మొదట దెబ్బతినేది హీటరే. పాత రబ్బరు గొట్టాలు చిట్లి ఉన్నాయి, కొత్తవి వేసి హీటరును మళ్ళీ దారిలో కలిపాడు. బిగుసుకున్న కుళాయి విప్పి, నానబెట్టి, శుభ్రం చేసి వాషరు మార్చాడు. తరువాత ఇంజను నడిపించి, పైగొట్టాన్ని చేతితో పట్టుకుని చూశాడు. నడిపించిన మరుక్షణం నుంచే రేడియేటరు పైభాగం నెమ్మదిగా వెచ్చబడసాగింది. అంటే నీటిని ఆపే తలుపు లేదన్నమాట. విప్పి చూస్తే థర్మోస్టాట్ గూడు ఖాళీ!

కొత్త థర్మోస్టాట్ తెప్పించి, బిగించేముందు వంటింట్లో గిన్నెడు నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టించాడు. నీరు మరగడానికి ముందే తలుపు తెరుచుకుంది, దించి చల్లార్చితే మూసుకుంది. ఇంటి ఆడవారు కూడా చూసి ఆనందించిన పరీక్ష అది.

అది బిగించాక హీటరుకు పోయే రెండు గొట్టాలనూ తాకి చూశాడు. "రెండూ వేడిగా ఉంటే నీళ్ళ తప్పు లేదండీ, ఫ్యానూ తలుపులూ చూసుకోవాలి. రెండూ చల్లగా ఉంటే కుళాయి దగ్గర ఆగింది. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే పెట్టె లోపల పూడిక గాని, గాలి బుడగ గాని" అన్నాడు. ఇక్కడ ఒకటి వేడి, ఒకటి చల్లన. కారు ముందు భాగం ఎత్తుగా ఉండేలా నిలిపి, మూత తీసి ఉంచి ఇంజను నడిపిస్తే గాలి బుడగలు వచ్చాయి గాని రెండో గొట్టం గోరువెచ్చన మించలేదు. పెట్టె విప్పి, నీరు రోజూ పోయే దిక్కుకు ఎదురు దిక్కు నుంచి మెల్లగా నీళ్ళు పెట్టాడు. మొదట తుప్పు రంగు, తరువాత బురద, ఆ తరువాత తెల్లటి గార పెళ్ళలు. నలభై ఏళ్ళ నాటి నీరు దాచుకున్నదంతా బకెట్టులోకి వచ్చింది. చివరగా ఫ్యాను మోటారుకు కరెంటు వస్తున్నదీ లేనిదీ, ఎర్తు తీగ తుప్పు పట్టినదీ లేనిదీ చూసి, రుద్ది బిగించాడు.

ఈసారి ఉప్పునీరు కాదు, శుద్ధి చేసిన నీటిలో తుప్పును, గడ్డకట్టడాన్ని ఆపే కూలెంటు కలిపి పోశారు. డిసెంబరులో లంబసింగి నుంచి కుర్రవాడు ఫోను చేసి, "తాతగారూ, కాళ్ళు వెచ్చగా ఉన్నాయండీ" అన్నాడు. ఇంకొక ప్రయోజనం కూడా మేస్త్రి చెప్పాడు. ఎప్పుడైనా ఘాటు రోడ్డులో ఇంజను మరుగుతుంటే హీటరు పూర్తిగా తెరవాలట. లోపలివారికి ఉక్కపోసినా, ఇంజనుకు రెండో రేడియేటరు దొరికినట్టే.

సభ్యులకు కొన్ని జాగ్రత్తలు

మన సభ్యుల పిల్లలు అనేకులు అమెరికా, కెనడాలలో ఉన్నారు. చలికాలంలో అక్కడికి వెళ్ళే పెద్దలకు ఈ నాలుగు మాటలు పనికివస్తాయని రాస్తున్నాను.

వేడి ఇంజను మీద రేడియేటరు మూత తీయరాదు. మూత బిగించి ఉండగా లోపలి నీరు ఒత్తిడిలో ఉండి వంద డిగ్రీలు దాటినా మరగదు. తీసిన క్షణంలో ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చేతులు, ముఖం కాల్చుకున్న డ్రైవర్లను మనం ఎరుగుదుం. బాగా చల్లారనిచ్చి, మందపాటి గుడ్డ వేసి, కొద్దిగా తిప్పి ఆవిరి పోయాక తీయాలి. మరిగిన ఇంజనులో ఒక్కసారిగా చల్లటి నీరు కుమ్మరిస్తే ఇంజను తల పగిలే ప్రమాదం ఉంది.

చలిగా ఉందని, తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజను నడిపించి హీటరు వేసుకుని కూర్చోరాదు. మంచు కురిసిన చోట పొగగొట్టం మంచులో కూరుకుపోయి ఉంటే ముందు దానిని తొలగించాలి. ఒకనాడు మన బొగ్గు బస్సులను నడిపిన కార్బన్ మోనాక్సైడే ఆ పొగలో ఉంటుంది. తలనొప్పి, వికారం, మగత అనిపిస్తే అది చలి వల్ల అనుకోకుండా వెంటనే బయటి గాలిలోకి రావాలి. పొగగొట్టం వేడితో లోపలి గాలిని వెచ్చబరిచే పాత వోక్స్‌వాగన్ బీటిల్ వంటి కార్లలో, ఆ రేకులు తుప్పుపట్టి చిల్లులు పడితే విషవాయువు లోపలికే వస్తుంది. హీటరు వేస్తే తియ్యని వాసన వచ్చి, అద్దాలకు తేమ పట్టి, కాళ్ళ దగ్గర చాప తడుస్తుంటే హీటరు పెట్టె కారుతున్నదని అర్థం. ఆ కూలెంటు విషం, చిన్నపిల్లలను దగ్గరకు రానివ్వకూడదు.

ఇక సంఘానికి ఒక మనవి. మన కార్యాలయాల చరిత్ర అంటే జీవోలు, అధికారుల జాబితాలు మాత్రమే కాదు. తుపానులో, వరదలో, కొల్లేటి బురదలో బండిని గమ్యం చేర్చిన డ్రైవర్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వారు రాసిన లాగ్ బుక్కులు చెదలకు ఆహారమయ్యాయి. ఒక బిల్లులోని ఒక్క వరుస ఒక మనిషి పరువు నిలబెట్టగలిగిందంటే, ఆ కాగితాలు చరిత్ర కాక మరేమిటి? డ్రైవర్లుగా పనిచేసి రిటైరైన సభ్యులు, దివంగతులైన వారి కుటుంబ సభ్యులు తమ వద్ద ఉన్న పాత లాగ్ బుక్కులను, ఫోటోలను సంఘం కార్యాలయంలో చూపించి, తమ అనుభవాలను రాసి ఇవ్వగలరని కోరుతున్నాను. రాయలేనివారు చెబితే, రాసిపెట్టడానికి నాబోటి గుమస్తాలు ఇంకా కొందరం మిగిలే ఉన్నాం.